గడ్డ పండేదాకా ఆగొద్దు

కోరుట్ల పక్కన ఒక ఊరు. ఆ ఇంట్లో 21వ రోజు తొట్టెల పండుగ. తొలి కాన్పు కాబట్టి బాలింత తల్లిగారింట్లోనే ఉంది. పొద్దున్నుంచీ చుట్టాల రాక. పట్టుచీర, బిగుతు జాకెట్టు వేసి ఆమెను పీట మీద కూర్చోబెట్టారు. బిడ్డ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతోంది. ఏడిస్తే ఎవరో ఒకరు ఎత్తుకొని ఊపుతున్నారు, మధ్యాహ్నం డబ్బాపాలు కూడా పట్టారు. ఇంటినిండా జనం ఉంటే లేచి లోపలికి వెళ్లి పాలివ్వడానికి ఆ పిల్లకు మొహమాటం. సాయంత్రానికి కుడి రొమ్ము రాయిలా గట్టిపడింది. తెల్లారేసరికి చలిజ్వరం.

"పాలు గడ్డకట్టినయ్ బిడ్డా, గట్టిగ పిసికితే కరుగుతయ్" అంది అమ్మమ్మ. "జరమచ్చిన పాలు పిల్లకు తాపొద్దు" అంది వదినె. మూడో రోజు ఊళ్లోని ఆర్‌ఎంపీ వచ్చి ఇంజక్షన్ వేశాడు. జ్వరం దిగింది, రెండు రోజుల్లో మళ్లీ ఎక్కింది. ఆరో రోజు పెద్దాసుపత్రికి పోదామంటే, "ఇంకా పండలే, పండినంక చూపిద్దాం" అన్నారు. తొమ్మిదో రోజు ఆమె నా ముందుకు వచ్చేసరికి రొమ్ము మీది చర్మం పలచబడి నిగనిగలాడుతోంది. లోపల గ్లాసెడు చీము. అప్పటికే బిడ్డకు తల్లిపాలు మాన్పించి వారం.

ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఈ ప్రాంతంలో సర్జన్‌గా పనిచేస్తూ నేను చూసిన చాలామంది బాలింతల అనుభవాలను కలిపి చెప్పాను. జగిత్యాల నుంచి వచ్చినా, సిరిసిల్ల నుంచి వచ్చినా, ఇంట్లో టీచరున్నా, బీడీలు చుట్టే అవ్వ ఉన్నా ఈ తొమ్మిది రోజులు దాదాపు ఒకేలా గడుస్తాయి. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. రొమ్ములో చీముగడ్డ చాలావరకు సూక్ష్మజీవి వల్ల కంటే ఆలస్యం వల్లే ముదురుతుంది. ఆ ఆలస్యంలో సిగ్గుది ఒక వాటా, ఇంట్లో పెద్దల నమ్మకాలది ఒక వాటా. మా వైద్యులదీ ఒక వాటా ఉంది. అది కూడా చెబుతాను.

ఒక్క రాత్రిలో వచ్చేది కాదు

కాన్పయిన మూడు నుంచి ఐదు రోజుల్లో పాలు పడేటప్పుడు రెండు రొమ్ములూ బరువెక్కి గట్టిపడటం మామూలే. బిడ్డ సరిగ్గా తాగితే ఒకటి రెండు రోజుల్లో అది తగ్గుతుంది. సమస్య మొదలయ్యేది ఒకవైపే, ఒకచోటే గట్టిపడినప్పుడు. ఆ చోట కణజాలం వాచి, పాలు వచ్చే సన్నని నాళాలను నొక్కేస్తుంది. పాలు నిలిచిపోతాయి, వాపు ఇంకా పెరుగుతుంది. ఆ చోట వేడి, నొప్పి, ఎరుపు కనిపిస్తాయి. మన చర్మం రంగుకు ఎరుపు స్పష్టంగా తెలియకపోవచ్చు. పక్క చర్మం కంటే కొంచెం నల్లగా, బిగుసుకొని, మెరుస్తూ ఉంటే అదే గుర్తు. 101 డిగ్రీలకు పైన జ్వరం, చలి, ఒళ్లునొప్పులు తోడవుతాయి. ఫ్లూ వచ్చిందనుకొని జలుబు మాత్రలు వేసుకునేవాళ్లను చాలామందిని చూశాను. బాలింతకు చలిజ్వరం వస్తే కుట్లతో పాటు రొమ్ములు కూడా చూసుకోవాలన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఈ దశలో ఉన్నది వాపే, ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు. చనుమొన పగుళ్లలోంచి సూక్ష్మజీవులు లోపలికి చేరితే ఇన్ఫెక్షన్ అవుతుంది. వీటిలో ముఖ్యమైనది స్టెఫైలోకాకస్ ఆరియస్. మన చర్మం మీద, ముక్కులో మామూలుగా ఉండేదే. ఇన్ఫెక్షన్‌ను పట్టించుకోకపోతే చీము ఒకచోట చేరి గడ్డ కడుతుంది. రొమ్ము వాపు వచ్చినవాళ్లలో చీముగడ్డ దాకా వెళ్లేవాళ్లు తక్కువే. వందలో మూడు నుంచి పదకొండు మంది దాకా అని వైద్య గ్రంథాల అంచనా. అంటే ఎక్కువమందిని ముందు దశల్లోనే ఆపవచ్చు. కాన్పయిన మొదటి ఆరు వారాల్లో, అందులోనూ రెండు, మూడు వారాల్లో ఈ బెడద ఎక్కువ. సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరినప్పుడు, బిడ్డకు పాలు ఒక్కసారిగా మాన్పించినప్పుడు కూడా వస్తుంది.

మొదటి 24 గంటలు ఇంట్లో

నొప్పి, గట్టిదనం కనిపించిన మొదటి రోజు ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. బిడ్డకు పాలు మామూలుగా, ఆకలేసినప్పుడల్లా రెండు వైపులా ఇస్తూనే ఉండాలి. బిడ్డ నోరు పెద్దగా తెరిచి, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా వీలైనంత నోట్లోకి తీసుకోవాలి. మొన కొసను మాత్రమే పట్టుకుంటే పాలు సరిగ్గా రావు, పగుళ్లు వస్తాయి. బిగుతు జాకెట్టు, బిగుతు బ్రా తీసేయాలి. రొమ్ముకు ఆధారంగా ఉండేది వేసుకోవాలి, నొక్కేది వద్దు.

పాలిచ్చాక తడిగుడ్డలో చుట్టిన ఐసు ముక్కలను వాపు ఉన్నచోట పది, ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి, వాపు తగ్గుతాయి. పాలిచ్చే ముందు కొంచెం గోరువెచ్చని కాపడం హాయిగా ఉంటే పెట్టుకోవచ్చు. మరిగే నీళ్లు, పెనం మీద కాల్చిన గుడ్డ వద్దు. చర్మం కాలి పుండు పడినవాళ్లను చూశాను. బాలింత చల్లటిది తగిలించుకుంటే సన్నిపాతం వస్తుందనే భయం మన ఇళ్లలో బలంగా ఉంది. రొమ్ము మీద పది నిమిషాలు పెట్టే ఐసుకు, సన్నిపాతానికి ఏ సంబంధమూ లేదు. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఉబ్బసం లేనివాళ్లు డాక్టరును అడిగి, తిన్న తర్వాత ఐబూప్రోఫెన్ వేసుకోవచ్చు. ఈ రెండూ పాలిచ్చే తల్లికి ఇచ్చేవే.

ఇక అసలు చేయకూడనిది గట్టిగా పిసకడం. "గడ్డ కరిగేదాకా పిండాలె" అని ఇద్దరు పట్టుకొని, నూనె రాసి, చపాతీ కర్రతో కూడా రుద్దిన సందర్భాలు నాకు తెలుసు. రొమ్ములోని కణజాలం చాలా సున్నితం. గట్టిగా నొక్కితే లోపల దెబ్బతిని వాపు రెట్టింపవుతుంది. ఒకప్పుడు మేమూ గట్టిగా మర్దన చేయమని, పంపుతో రొమ్ము పూర్తిగా ఖాళీ చేయమని చెప్పేవాళ్లం. ఇప్పుడా సలహా మారింది. తల్లిపాల వైద్యులు 2022లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు గట్టి మర్దన వద్దని, బిడ్డ తాగే దానికి మించి పిండితే పాలు ఇంకా ఎక్కువ ఊరి వాపు పెరుగుతుందని చెబుతున్నాయి. బిడ్డ ఆ వైపు పట్టలేకపోతే, బిడ్డకు అవసరమైనంత వరకే చేత్తో మెల్లగా పిండాలి. వేళ్లతో చంక వైపు పైపైన నిమిరితే చాలు.

ఇలా చేసినా 24 గంటల్లో తగ్గకపోతే, లేదా జ్వరం పెరుగుతుంటే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఒళ్లు వణికించే చలి, ఆయాసం, విపరీతమైన నీరసం, మాట తడబడటం ఉంటే 24 గంటలు కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. అది రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు.

పాలు మాన్పించడం వైద్యం కాదు

మన ఇళ్లలో మొదట తీసుకునే నిర్ణయం ఇదే. "చీము పాలు తాగితే పిల్లకు మంచిదిగాదు" అంటారు. వాచిన రొమ్ములో పాలు నెలలు నిండి పుట్టిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు హాని చేయవు. పాలు కొంచెం ఉప్పగా అనిపించి బిడ్డ ముఖం తిప్పుకోవచ్చు. అంతే. పాలు ఒక్కసారిగా ఆపితే అవి లోపలే నిలిచి, చీముగడ్డ అయ్యే ప్రమాదం పెరుగుతుంది. నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో ఉన్న పిల్లల విషయంలో, తల్లికి హెచ్‌ఐవీ ఉన్నప్పుడు, రొమ్ము టీబీ అని అనుమానం ఉన్నప్పుడు డాక్టరు చెప్పినట్టు చేయాలి. మిగతావాళ్లకు పాలివ్వడం వైద్యంలో భాగమే.

ఈ మాట నేను ఇళ్ల కంటే ముందు మా వాళ్లకే చెప్పాలి. రొమ్ము గడ్డ అనగానే పాలు ఆపే మాత్రలు రాసే అలవాటు వైద్యుల్లోనూ ఉంది. ఆ మాత్ర చీమును తీయదు, సూక్ష్మజీవిని చంపదు. తల్లి తనంతట తాను పాలు మాన్పించాలనుకుంటే అది వేరే సంగతి, అదీ నిదానంగా చేయాలి. జబ్బు పేరు చెప్పి మూడు వారాల బిడ్డకు తల్లిపాలు ఆపించే హక్కు మనకు లేదు. ఆ తల్లి మనసులో మిగిలే బాధ ఏ రిపోర్టులోనూ కనిపించదు. "నా పాలే పాడైపోయినయ్" అని ఏడ్చినవాళ్లకు ఎవరూ అలా కాదని చెప్పి ఉండరు.

మల్లెపూలు కట్టడం గురించి కూడా ఒక మాట. పాలు తగ్గడానికి రొమ్ముకు మల్లెపూలు కట్టే అలవాటు దక్షిణాదిలో పాతదే. దాని మీద వెల్లూరులో పరిశోధన కూడా జరిగింది, 1988లో ప్రచురితమైంది. పాలు ఊరడం తగ్గించడంలో అవి కొంత పనిచేస్తాయని అందులో తేలింది. అంటే పాలు ఆపాలనుకున్నవాళ్లకు అది పనికి రావచ్చు. పాలివ్వాలనుకునే తల్లి గడ్డ తగ్గాలని మల్లెపూలు కట్టుకుంటే ఉన్న పాలు కాస్తా తగ్గుతాయి.

ఒక ఇంజక్షన్‌తో జ్వరం దిగితే

ఇన్ఫెక్షన్ అని డాక్టరు తేల్చాక యాంటీబయాటిక్ అవసరం. స్టెఫైలోకాకస్ మీద పనిచేసే మందులు, పాలిచ్చేవాళ్లకు ఇవ్వదగినవి చాలానే ఉన్నాయి. సాధారణంగా పది నుంచి పద్నాలుగు రోజులు వాడాలి. రెండో రోజుకు నొప్పి తగ్గిందని మూడో రోజు మానేస్తే వెనకటి కంటే మొండిగా తిరగబెడుతుంది. గతంలో పెన్సిలిన్ పడలేదంటే ముందే చెప్పాలి. వాపు వచ్చిన ప్రతి తల్లికీ మొదటి గంటలోనే యాంటీబయాటిక్ కావాలని నేను అనడం లేదు. చాలామందికి మొదటి రోజు ఐసు, నొప్పి మాత్ర, సరిగ్గా పాలివ్వడంతోనే తగ్గిపోతుంది. అవసరం ఉందో లేదో చూసి చెప్పాల్సింది డాక్టరు. మందుల షాపులో అడిగి రెండు గోళీలు తెచ్చుకోవడం వద్దు.

ఊళ్లో వేసే ఇంజక్షన్‌తో అసలు ఇబ్బంది ఇక్కడే. అందులో ఏముందో చీటీ మీద ఉండదు. కొన్నిసార్లు స్టెరాయిడ్ కలుపుతారు. గంటలో జ్వరం దిగుతుంది, ముఖం తేటపడుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపల చీము మాత్రం చేరుతూనే ఉంటుంది. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చే మనిషి ఆయనే, ఆ సాయాన్ని నేను తక్కువ చేయను. కానీ బాలింత రొమ్ము నొప్పికి ఆయన చేయగల మంచి పని ఇంజక్షన్ వేయకుండా అదే రోజు ఆసుపత్రికి పంపడమే.

యాంటీబయాటిక్ సరిగ్గా వాడుతున్నా 48 గంటల్లో జ్వరం, నొప్పి తగ్గలేదంటే చీముగడ్డ అయిందేమో చూడాలి. ఒకచోట చేతికి గట్టిగా తగిలే గడ్డ, బిడ్డ పాలు తాగాక కూడా మెత్తబడకపోవడం, తగ్గిన జ్వరం మళ్లీ రావడం దాని లక్షణాలు. కొన్నిసార్లు మందుల వల్ల జ్వరం పోయి గడ్డ మాత్రం మిగిలిపోతుంది. జ్వరం లేదు కదా అని ఊరుకోకూడదు.

పండాల్సిన పని లేదు

"పండినాక కోయిద్దాం" అనే మాటకు వెనక ఒక కాలపు అనుభవం ఉంది. స్కానింగ్ లేని రోజుల్లో లోపల చీము ఉందో లేదో వేళ్లతో నొక్కి చూసి తెలుసుకోవాల్సి వచ్చేది. చర్మం మెత్తబడి, కిందనుంచి అలలా కదిలితేనే కోసేవాళ్లు. ముందే కోస్తే చీము రాకపోవచ్చు. కాలు మీది సెగగడ్డకు అది సరిపోయింది. రొమ్ము లోతుగా ఉంటుంది. చీము పైకి తెలిసేసరికి లోపల చాలా భాగం కరిగిపోయి ఉంటుంది.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ ఉంది. ఐదు నిమిషాల్లో చీము ఉందో లేదో, ఎంత ఉందో, ఒకే గదిగా ఉందో అరలు అరలుగా ఉందో కనిపిస్తుంది. ఉంటే అదే బల్ల మీద, ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ సూదితో లాగేయవచ్చు. రెండు మూడు రోజులకోసారి మళ్లీ చూసి, మిగిలినది ఉంటే మళ్లీ లాగుతారు. చాలామందికి కొన్ని దఫాల్లో నయమవుతుంది. పెద్ద మచ్చ ఉండదు, పూర్తి మత్తు అక్కర్లేదు, ఆమె అదే రోజు ఇంటికి పోయి బిడ్డను ఒళ్లోకి తీసుకుంటుంది. లాగిన చీమును కల్చర్ పరీక్షకు పంపాలని అడగండి. మామూలు మందులకు లొంగని సూక్ష్మజీవులు ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తున్నాయి, ఏ మందు పనిచేస్తుందో ఆ రిపోర్టే చెబుతుంది.

నా చదువు పూర్తయిన రోజుల్లో నేనూ ప్రతి గడ్డనూ కోసేవాణ్నే. కోసి, లోపల గుడ్డ కుక్కి, రోజూ దాన్ని లాగి మళ్లీ కుక్కేవాళ్లం. ఆ డ్రెస్సింగ్ గదిలోంచి వచ్చే కేకలు నాకింకా గుర్తున్నాయి. మూడు నాలుగు వారాలు పట్టేది. వాళ్లలో ఎక్కువమంది ఆ గదిలోనే పాలివ్వడం మానేసేవాళ్లు. అప్పుడు మా దగ్గర ఉన్నది అదే. ఇప్పుడు కూడా కోత అవసరమయ్యేవాళ్లు ఉంటారు. చర్మం నల్లబడి చచ్చిపోయినప్పుడు, గడ్డ బాగా పెద్దదై అరలు అరలుగా ఉన్నప్పుడు, సూదితో లాగినా మళ్లీ మళ్లీ నిండుతున్నప్పుడు చిన్న కోత పెట్టక తప్పదు. రాత్రివేళ స్కానింగ్ చేసేవాళ్లు లేని చోట తల్లికి ప్రాణాపాయం ఉంటే కోయడమే సరైన పని అని తోటి సర్జన్లు అంటారు, అది నిజమే. కానీ మొదటి మాటగా కోత చెప్పకూడదు. "ముందు స్కానింగ్ చేసి, సూదితో తీయడం కుదురుతుందా డాక్టరుగారూ?" అని అడిగే హక్కు మీకుంది. అడిగితే ఏ మంచి డాక్టరూ కోపగించుకోడు.

సూదితో తీసినా, కోసినా పాలివ్వడం ఆపనక్కర్లేదు. కోత బిడ్డ నోరు తగిలే చోట ఉంటే, ఆ వైపు మానేదాకా చేత్తో పిండి, రెండో వైపు తాగించాలి. గాయంలోంచి కొన్నాళ్లు పాలు కారవచ్చు. అది నిదానంగా మూసుకుపోతుంది.

పాలివ్వని వాళ్లకు వస్తే

చివరి బిడ్డ పుట్టి ఏళ్లు గడిచినవాళ్లకు, నలభై, యాభై దాటినవాళ్లకు రొమ్ములో చీము వస్తే ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. షుగర్ ఉందేమో పరీక్షించాలి. పొగతాగేవాళ్లకు చనుమొన వెనక నాళాలు వాచి గడ్డలు మళ్లీ మళ్లీ వస్తాయి. బిడ్డకు పాలు మాన్పించిన కొన్నేళ్ల లోపు స్త్రీలకు గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అనే వాపు వస్తుంది. అది గట్టి గడ్డలా ఉండి, ఒకచోట మానితే ఇంకోచోట పగిలి కారుతుంది. దాన్ని చీముగడ్డ అనుకొని మళ్లీ మళ్లీ కోస్తే గాయాలు పెరుగుతాయే తప్ప తగ్గదు. ముక్క పరీక్ష చేసి తేల్చుకోవాలి. మన దేశంలో రొమ్ము టీబీని కూడా మరిచిపోకూడదు. నెలల తరబడి మానని కారుడు పుండు, చంకలో గడ్డలు ఉంటే ఆ పరీక్ష అడగాలి. టీబీ అని తేలితే ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇంకొకటి. అరుదుగా వచ్చే ఒక రకం రొమ్ము క్యాన్సర్ అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే కనిపిస్తుంది. రొమ్ములో మూడో వంతుకు పైగా ఎర్రబడి, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా వాచి, జ్వరం లేకుండా వారాల్లోనే పెరుగుతుంది. యాంటీబయాటిక్ వాడినా ఒకటి రెండు వారాల్లో పూర్తిగా తగ్గని ఏ వాపునైనా, ఏ వయసువాళ్లకైనా, పాలిచ్చే తల్లికైనా స్కానింగ్, ముక్క పరీక్ష చేయించాలి. అలాగని ప్రతి గడ్డకూ క్యాన్సర్ అని భయపడి దాచుకోవద్దు. పాలిచ్చే తల్లికి జ్వరంతో, నొప్పితో వచ్చే గడ్డ చాలావరకు క్యాన్సర్ కాదు. ఆ భయంతోనే నెలల తరబడి చెప్పకుండా ఉన్నవాళ్లున్నారు.

పసిబిడ్డ రొమ్ము పిండకండి

పుట్టిన కొన్ని రోజులకు ఆడ, మగ తేడా లేకుండా కొందరు పిల్లల రొమ్ములు కొద్దిగా ఉబ్బుతాయి, ఒక్కోసారి పాలలాంటి చుక్క కూడా వస్తుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి చేరిన హార్మోన్ల ప్రభావం అది. కొన్ని వారాల్లో తానే పోతుంది. స్నానం చేయించేటప్పుడు దాన్ని పిండి తీయడం కొన్ని ఇళ్లలో ఆచారం. ఆ పిండుడు వల్లే సూక్ష్మజీవులు లోపలికి చేరి, వారాల పిల్లలకు రొమ్ములో చీముగడ్డలు వస్తున్నాయి. ఆడపిల్లకైతే ఆ చోట రొమ్ము సరిగ్గా ఎదగకపోవచ్చు కూడా. దాన్ని ముట్టుకోవద్దు. ఎర్రబడితే, బిడ్డ పాలు తాగకపోతే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి.

అడగాల్సింది ఒక్క ప్రశ్న

ఇందులో బాధ్యత ఇంటి ఆడవాళ్లదే అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. కోత నొప్పితో పక్కకు తిరగలేని తల్లికి బిడ్డను రొమ్ముకు ఎలా పట్టించాలో నేర్పేవాళ్లు ఎవరు? డిశ్చార్జి రోజు బిల్లు గురించి అరగంట మాట్లాడతాం, కుట్ల గురించి రెండు నిమిషాలు చెబుతాం, రొమ్ముల గురించి ఏమీ చెప్పం. ఆ రోజు తల్లినీ, ఆమె అమ్మనూ, అత్తనూ కూర్చోబెట్టి పది నిమిషాలు చెబితే ఎన్నో చీముగడ్డలు పుట్టకుండా ఆపవచ్చు. అది ఏ ఆసుపత్రికైనా ఖర్చు లేని పని.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలన్నది పథకం. బిడ్డ బరువు, బొడ్డు, ఒంటి వేడి చూస్తుంది. 14, 21 రోజులంటే సరిగ్గా రొమ్ము వాపులు ఎక్కువగా వచ్చే సమయం. ఆ రెండు రోజులూ తల్లిని లోపలికి పిలిచి "రొమ్ముల్ల నొప్పి, గడ్డ ఏమన్న ఉన్నదా?" అని అడగాలని ఆమెకు చెప్పడం కష్టమేమీ కాదు. బయట బావగారు, మామగారు కూర్చున్న చోట అడిగితే జవాబు రాదు. లోపలికి పిలిచి అడగాలి.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. చదువు చెప్పే ఆసుపత్రి అంటే సర్జన్, గైనకాలజిస్టు, స్కానింగ్ నిపుణుడు ఒకే ఆవరణలో ఉండాలి. బాలింత రొమ్ము నొప్పితో వస్తే మూడు ఓపీల చుట్టూ తిప్పకుండా, అదే రోజు స్కానింగ్ చేసి, చీముంటే అదే రోజు సూదితో తీసే పద్ధతి పెట్టాలని నా విన్నపం. పరీక్ష చేసే చోట ఒక తెర, పక్కన ఒక నర్సు ఉండాలి. మగ డాక్టరు చూస్తాడనే సంకోచంతో వెనక్కి పోయేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ సంకోచాన్ని తప్పుపట్టడం కంటే తెర కొనడం తేలిక.

ఇక మగవాళ్లు. ఈ జిల్లాల్లో చాలా ఇళ్లలో భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. రోజూ వీడియో కాల్‌లో బిడ్డను చూపించమంటాడు. బిడ్డ నిద్రపోయిందా, పాలు తాగిందా అని అడుగుతాడు. నాన్నా, అన్నా, మీరు కూడా ఒకసారి ఆమెను అడగండి. జ్వరం ఉందంటే ఆసుపత్రికి తీసుకుపొమ్మని ఇంట్లో పెద్దలకు గట్టిగా చెప్పండి. ఇక్కడ ఎవరి మాట నెగ్గుతుందో మనందరికీ తెలుసు. డబ్బు పంపే మనిషి నోట ఆ మాట వస్తే తొమ్మిదో రోజు రావాల్సిన ఆమె రెండో రోజే వస్తుంది.

తొట్టెల పండుగ చేయొద్దని నేను అనను. ఆ రోజు కూడా రెండు మూడు గంటలకోసారి, బిడ్డ అడిగితే అంతకంటే ముందే, బాలింతను లోపలి గదిలోకి పంపి తలుపు దగ్గర ఒకరు కూర్చుంటే చాలు. చుట్టాలు ఏమీ అనుకోరు. అనుకున్నా, సాయంత్రానికి వెళ్లిపోతారు. ఆ రాత్రి పడుకునే ముందు అవ్వ అయినా అత్త అయినా ఆమె పక్కన కూర్చొని "నీకెట్లున్నది బిడ్డా, నొప్పేమన్న ఉన్నదా?" అని అడగాలి. ఉందంటే, పండేదాకా ఆగొద్దు.